సహాధ్యాయుల ఋణము: రామానుజుని కుంభకోణపు చదువు



జీవితమంతయు పాఠశాలలో గణితమును బోధించి, తన చేతిమీదుగా పోయిన బాలుర పేర్లను వార్ధక్యమునను మరవక, తనకు మాత్రము పేరు కావలెనని ఎన్నడును కోరని ఒక ఉపాధ్యాయుని స్మృత్యర్థము ఆయన శిష్యులు నెలకొల్పిన ధర్మనిధి పక్షమున నేడు ప్రసంగించు భాగ్యము నాకు లభించినది. విషయమును ఎన్నుకొను స్వాతంత్ర్యమును కూడ నాకే విడిచిన కార్యవర్గమువారికి నా వందనములు. మహాగణితజ్ఞుని సిద్ధాంతములను వివరించుట పండిత పరిషత్తులకు తగిన పని. ఆతడింకను మహాగణితజ్ఞుడు కాక, పలక పట్టుకొని బడికి పోవు బాలుడుగా ఉన్న దినములలో ఆతని చుట్టును ఎవరుండిరి, వారాతనికి ఏమి చేసిరి, ఏమి చేయలేకపోయిరి అను విచారణ పాఠశాలోపాధ్యాయుని స్మారకసభకు ఎక్కువ ఉచితమని నాకు తోచినది. అందుచేత శ్రీనివాస రామానుజన్ యొక్క విద్యార్థిదశను, ఆతని తొలి స్నేహములను నేటి ప్రసంగమునకు విషయముగా గ్రహించితిని.

రామానుజుని పేరు వినగానే మన దేశమున సామాన్యముగా స్ఫురించు రూపమొకటి కలదు. గురువు లేక, గ్రంథసంపద లేక, తోడు లేక, ఇలవేల్పగు నామగిరి దేవి అనుగ్రహమే ఆధారముగా, ఒక చిన్న పట్టణమున ఒంటరిగా కూర్చుండి, అపూర్వ సూత్రములను పలకపై వ్రాసి మోచేతితో తుడిచివేసిన యువకుడు. సముద్రముల కావలనుండి ఒక ఆంగ్ల పండితుడు చేయి అందించువరకు ఎవరికిని పట్టని ప్రతిభావంతుడు: ఇట్టిది ఆ రూపము. ఇందు సత్యాంశము లేకపోలేదు. పలక నిజము, మోచేయి నిజము, పేదరికము నిజము, ఆ యింటివారి దైవభక్తియు నిజమే. ఒంటరితనమనునది మాత్రము నిజము కాదు. ఆతని బాల్య కౌమారముల వృత్తాంతమును ఓపికతో పరిశీలించినవారికి ప్రతి మలుపునను ఒక సహాధ్యాయియో, ఇంట బసచేసిన విద్యార్థియో, పాత మిత్రుడో కానవచ్చును. పుస్తకమును తెచ్చినది వారు; వ్రాతప్రతులను దాచినది వారు; పెద్దల గుమ్మములకు ఆతనిని తోడ్కొనిపోయినది వారు. వారిలో పెక్కండ్రకు ఆతని గణితము అర్థము కాలేదు. అర్థము కాకున్నను వారాతనిని విడువలేదు. ఆ విడువకపోవుటను గూర్చియు, అది ఒక్కటియే చాలకపోయిన చోటును గూర్చియు నేను మీకు విన్నవింపదలచితిని.

రామానుజుడు 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడునందు మాతామహుల ఇంట జన్మించెను. పెరిగినది కుంభకోణమున, సారంగపాణి స్వామి ఆలయ గోపురమునకు ఎదురుగా సాగు సన్నిధివీథిలోని చిన్న యింట. తండ్రి శ్రీనివాస అయ్యంగారు బట్టల వర్తకుని కొట్టులో గుమాస్తా. నెలకు ఇరువది రూపాయల జీతము. తల్లి కోమలతమ్మాళ్ ఆలయమున భజన పాటలు పాడి కొంత సంపాదించునది. సంసారమును నడపుటలోను, కుమారుని నడపుటలోను కూడ ఆమెదే పైచేయి. రెండేండ్ల ప్రాయమున మశూచికము సోకి, ఆ పిల్లవాడు బ్రతికి బయటపడెను. అక్షరాభ్యాసమైన తరువాత ఆతని చదువు ఒకచోట నిలువలేదు. కుంభకోణమునుండి కాంచీపురమునకు, అచ్చటినుండి మరల కుంభకోణమునకు, కొన్నాళ్ళు మదరాసునకు, మరల కుంభకోణమునకు ఆ బాలుడు తిరుగుచుండెను. కాంచీపురమున ఉన్న కాలమున 1894లో ఆతనిని కొంతకాలము తెలుగున బోధించు బడిలో వేసిరనుట మనవారికి వినుటకు ఇంపైన విషయము. మదరాసు బడి ఆతనికి ఎంతమాత్రము నచ్చలేదు. వెళ్ళననుచు మొండికెత్తిన బాలుని బడికి చేర్చుటకు ఇంటివారు పోలీసు జవాను సాయమును కూడ కోరవలసివచ్చెను. ఊళ్ళు మారుట బాలునకు సామాన్యమైన కష్టము కాదు. మారినప్పుడెల్ల పరిచితమైన ముఖములు పోవును. క్రొత్త తరగతిలో తన చోటును మరల సంపాదించుకొనవలయును. కుంభకోణమున స్థిరపడి కంగయన్ ప్రాథమిక పాఠశాలలో చేరిన పిమ్మటనే ఆతని చదువునకు నిలుకడయు, ఆతని స్నేహములకు వేరును ఏర్పడినవి.

ఆ స్నేహములలో మొదట చెప్పదగినది కె. సారంగపాణి అయ్యంగారితోడి స్నేహము. ఒక పర్యాయము లెక్కల పరీక్షలో రామానుజునకు 45కు 42 గుణములు వచ్చినవి, సారంగపాణికి 43. రామానుజుడు మిత్రునితో మాటలాడుట మానివేసెను. తక్కిన పాఠములన్నిటియందును నీవే మొదటివాడవు గదా యని సారంగపాణి ఓదార్చబోగా, లెక్కలలో ఎప్పుడును తనదే మొదటి స్థానమని చెప్పి, కన్నీటితో తల్లియొద్దకు పరుగెత్తెను. ఈ కథను చెప్పువారు రామానుజుని అభిమానమును చూపుటకే దీనిని చెప్పుదురు. నా దృష్టి సారంగపాణిమీద నిలుచుచున్నది. ఒక్క గుణము హెచ్చుగా పొందిన బాలుడు ఉప్పొంగుట సహజము. ఓడిన మిత్రుని వెంటబడి ఓదార్చుట అంత సహజము కాదు. తరగతిలో తనకు సమీపముగా పరుగెత్తగల తోడు ఒకడుండుట ఆ వయస్సున రామానుజునకు దొరకిన గొప్ప సంపద. ఆ తోడు త్వరలోనే వెనుకబడెను. గణితమున రామానుజుని సరసకు రాగల బాలుడు ఆ పట్టణమున మరియొకడు లేడు. 1897 నవంబరులో, పదియేండ్లు నిండకమునుపే, ప్రాథమిక పరీక్షలో జిల్లాకంతటికిని ప్రథముడై ఉత్తీర్ణుడయ్యెను. మరుసటి జనవరిలో టౌన్ హైస్కూలున చేరెను.

ఇంటి ఖర్చునకు చాలని ఆదాయమును పూరించుటకై కోమలతమ్మాళ్ ప్రభుత్వ కళాశాలలో చదువు విద్యార్థులను ఇంట భోజనమునకును బసకును ఉంచుకొనెడిది. తిరునెల్వేలి నుండి ఒకరు, తిరుచిరాపల్లి నుండి ఒకరు అట్లు వచ్చి యుండిరి. బాలుని ఆసక్తిని గమనించి వారు తమకు తెలిసిన గణితమును ఆతనికి నేర్పిరి. పదునొకండేండ్లు వచ్చునప్పటికి వారియొద్ద నేర్చుకొనవలసినది ఆతనికి మిగులలేదు. అప్పుడు వారు విసుగుకొనలేదు. కళాశాలనుండి పుస్తకములు తెచ్చి యిచ్చుట సాగించిరి. లోనీ రచించిన త్రికోణమితి గ్రంథము అట్లే ఆతని చేతికి వచ్చినది. పేరునకు త్రికోణమితియే గాని, అందలి ద్వితీయభాగము అనంత శ్రేణులను, సంకీర్ణ సంఖ్యల సంవర్గమానములను కూడ స్పృశించును. పదుమూడేండ్ల ప్రాయమున రామానుజుడు దానిని ఆపోశనము పట్టుటయే గాక, తన సొంత సిద్ధాంతములను రచింపసాగెను. వానిలో జ్యా, కోజ్యా ప్రమేయములకును ఘాత ప్రమేయమునకును గల సంబంధమొకటి. అది తాను క్రొత్తగా కనుగొన్నదని భావించెను. ఆయిలర్ మహాశయుడు దానిని నూటయేబది ఏండ్లకు పూర్వమే ప్రకటించెనని తెలిసినప్పుడు సిగ్గుపడి, ఆ కాగితములను ఇంటి చూరులో దాచెను. ఆయిలర్ కనుగొన్న దానిని పదుమూడు పదునాలుగేండ్ల బాలుడు ఒంటరిగా కనుగొనుట సిగ్గుపడవలసిన పనియా? భుజము తట్టి, నీవు సరియైన త్రోవలోనే ఉన్నావని చెప్పగలవారు ఆ వీథిలో ఎవరును లేరు. ఈ లోపమును మనస్సున ఉంచుకొనుడు. దీనియొద్దకు మరల రావలసియున్నది.

టౌన్ హైస్కూలు రామానుజుని పాలిటికి దయగల పాఠశాల. ఆరేండ్లు ఆతడచ్చట చదివెను. ఆ ఆరేండ్లు ఆతని జీవితమున మిక్కిలి సుఖవంతమైన కాలమని చెప్పవచ్చును. పన్నెండువందల విద్యార్థులను, ముప్పదియైదుగురు ఉపాధ్యాయులను సర్దవలసిన పాఠశాల కాలపట్టికను తయారుచేయు భారమును ప్రధాన గణితోపాధ్యాయులు గణపతి సుబ్బయ్యరు ఈ బాలునిపై మోపిరి. ఏ ఉపాధ్యాయుడును ఒకే గంటలో రెండు తరగతులయందు ఉండరాదు. ఏ తరగతియు ఉపాధ్యాయుడు లేక ఉండరాదు. ఇట్టి నిర్బంధములు వందలకొలది చేరిన చిక్కుముడి అది. దానిని విద్యార్థిచేతికి ఇచ్చుటలో సుబ్బయ్యరుగారి ఔదార్యము నాకు ముఖ్యముగా కనబడుచున్నది. బాలుని ప్రతిభను ప్రశంసావాక్యములతో సరిపుచ్చక, పాఠశాలకు నిజముగా కావలసిన పనిలో దానిని వినియోగించి, ఆతనికి గౌరవమును కల్పించిరి. పరీక్షలలో ఇచ్చిన కాలములో సగముననే ఆతడు లెక్కలను ముగించెడివాడు. 1904లో కె. రంగనాథరావు గణిత బహుమానమును ఆతనికి ప్రదానము చేయుచు, ప్రధానోపాధ్యాయులు కృష్ణస్వామి అయ్యరు, ఈ విద్యార్థికి పరిపూర్ణ గుణములు కూడ తక్కువయేయని సభలో ప్రకటించిరి.

తోటివిద్యార్థులు ఆతనిని ఎట్లు చూచిరి? ఉపాధ్యాయులతో సహా తమలో ఎవరికిని ఆతడు తరుచుగా అర్థమయ్యెడివాడు కాడని ఆనాటివారొకరు అర్ధశతాబ్దము గడచిన పిమ్మట స్మరించుకొనిరి. అర్థము కానివానిని బాలురు సాధారణముగా వెక్కిరింతురు, లేదా వెలివేయుదురు. కుంభకోణపు బాలురు అట్లు చేయలేదు. రామానుజుడు ఆటలకు పోవువాడు కాడు. తల్లిదండ్రులు వీథిలోనికి పంపువారు కారు. వీథివైపు కిటికీకడ నిలిచి, వెలుపల నిలిచిన మిత్రులతో మాటలాడెడివాడు. సంస్కృత ధాతువులను వరుసగా అప్పగించియు, వృత్తపరిధికి వ్యాసమునకు గల నిష్పత్తిని దశాంశస్థానములు ఎన్ని కోరిన అన్ని చెప్పియు వారిని అలరించెడివాడు. ఆతనికి అది వినోదము, వారికి ఆశ్చర్యము. ఆ ఆశ్చర్యమున అసూయ చేరకుండుట ఆ బాలుర సంస్కారము.

ఈ సందర్భమున సి. వి. రాజగోపాలాచారిగారి వృత్తాంతమును కొంత విపులముగా చెప్పవలసియున్నది. దేశమెరిగిన రాజాజీగారు వేరు, వీరు వేరు. రామానుజుడు నాలుగవ ఫారమున ఉండగా, పై తరగతి విద్యార్థి యొకడు ఆతనిని పరీక్షింపదలచి ఒక లెక్క నిచ్చెను. రెండు సంఖ్యలు కలవు, మొదటిదాని వర్గమూలమునకు రెండవదానిని కూడిన 7 అగును, రెండవదాని వర్గమూలమునకు మొదటిదానిని కూడిన 11 అగును, ఆ సంఖ్యలేవి? చూచుటకు బాలుర లెక్కయే. బీజగణిత మార్గమున ఒక సంఖ్యను తొలగింపబోయినచో చతుర్థఘాత సమీకరణము ఎదురగును. ఆ తరగతి విద్యార్థికి దానిని సాధించు పద్ధతి తెలియదు. రామానుజుడు అరనిమిషములో 9, 4 అని సమాధానమిచ్చెను. తొమ్మిది వర్గమూలము మూడు, దానికి నాలుగు చేర్చిన ఏడు. నాలుగు వర్గమూలము రెండు, దానికి తొమ్మిది చేర్చిన పదునొకండు. ఆ చాతుర్యమునకు ముగ్ధుడైన రాజగోపాలాచారి నాటినుండి ఆతనికి మిత్రుడయ్యెను. ఒక చిన్న లెక్కతో మొదలైన ఈ స్నేహము ఏండ్లు గడచినమీదట ఎట్టి ఫలమునిచ్చెనో ముందు మనవి చేసెదను.

1903లో, పదునారవ యేట, ఆతనికి కార్ రచించిన గణిత సంగ్రహము లభించినది. ఇదియు మిత్రులు ప్రభుత్వ కళాశాల గ్రంథాలయమునుండి తెచ్చిన పుస్తకమే. కార్ కేంబ్రిడ్జి పరీక్షలకు విద్యార్థులను సిద్ధపరచు ఉపాధ్యాయుడు. తన శిష్యుల పునశ్చరణకై బీజగణితము, కలన గణితము, విశ్లేషక రేఖాగణితము మొదలగు శాఖలనుండి సుమారు ఐదువేల ఫలితములను వరుసగా కూర్చి 1880, 1886 సంవత్సరములలో రెండు భాగములుగా ప్రకటించెను. నిరూపణములు చాలచోట్ల సూచనామాత్రములు. కొన్నిచోట్ల అవియు లేవు. ఇతరులకు నిస్సారమైన ఈ కూర్పు రామానుజునకు మహారణ్యమునకు ప్రవేశద్వారమైనది. ప్రతి సూత్రమును ఆతడు తానే నిరూపించుకొనవలసియుండుటచే ప్రతి సూత్రమును ఒక పరిశోధనయే అయ్యెను. ఆ గ్రంథము ఆతని శక్తిని మేల్కొల్పినది. ఆతని లోపమును కూడ స్థిరపరచినది. ఫలితమును వ్రాసి, దారిని వ్రాయకపోవుట ఆతడు దానియొద్దనే అలవరచుకొనెను.

ఇంతవరకు అనుకూలముగా నడచిన కథ కళాశాల గుమ్మమున తిరుగబడినది. 1904లో విద్యార్థివేతనముతో కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో చేరిన రామానుజునకు గణితము తప్ప మరి యే పాఠమునను మనస్సు నిలువలేదు. ఆంగ్లమున తప్పుటచే వేతనము పోయినది. ఒక్కొక్క విద్యాకాలమునకు ముప్పదిరెండు రూపాయల రుసుము; తండ్రి నెల జీతము ఇరువది. తల్లి స్వయముగా ప్రిన్సిపాలును ప్రార్థించినను ఫలము లేకపోయెను. 1905 ఆగస్టులో ఆ యువకుడు ఎవరికిని చెప్పక రైలెక్కి ఉత్తరముగా పోయి విశాఖపట్టణమును చేరెను. తల్లిదండ్రులు పత్రికలో ప్రకటన వేయించిరి. మన తీరమునకు రామానుజుడు వచ్చినది అట్టి దుఃఖసమయమున; ఇచ్చటివారెవరును ఆతనిని గుర్తించు అవకాశము లేకపోయినది. తిరిగివచ్చి, 1906లో మదరాసు పచ్చయప్ప కళాశాలలో చేరెను. అచ్చట గణితాచార్యులైన సింగారవేలు మొదలియారుగారు ఆతనితో కలసి గణిత పత్రికలలోని ప్రశ్నలను సాధించుచుండిరి. కాని శరీరశాస్త్రము మొదలైన పాఠములు మరల ఆతనిని పడవేసినవి. 1907లో ఎఫ్.ఏ. పరీక్షయందు తప్పుటతో ఆతని విద్యార్థిదశ పట్టము లేకయే ముగిసినది.

కళాశాల ఆతనిని విడిచినది, సహాధ్యాయులు విడువలేదు. పచ్చయప్ప కళాశాలలో ఆతనితో చదివిన రాధాకృష్ణ అయ్యరుగారి సంగతిని ఆలకింపుడు. కొన్నాళ్ళకు రామానుజుడు మదరాసున తీవ్రముగా జబ్బుపడినప్పుడు ఈ మిత్రుడే ఆతనికి ఆశ్రయమిచ్చి, వైద్యునికి చూపించి, తుదకు రైలెక్కించి స్వస్థలమునకు పంపెను. బయలుదేరునప్పుడు రామానుజుడు తన రెండు పెద్ద నోటుపుస్తకములను ఆయన చేతికిచ్చి, తాను మరణించినచో వానిని సింగారవేలు మొదలియారుగారికి గాని, క్రైస్తవ కళాశాలలోని ఎడ్వర్డ్ రాస్ దొరగారికి గాని అందజేయుమని కోరెను. అప్పటికి రామానుజుని పేర ఏ పత్రికయందును ఒక్క వ్యాసమైనను అచ్చుపడలేదు. పరీక్షలు తప్పిన నిరుద్యోగి యాతడు. ఆతని సర్వస్వమును ఆ రెండు పుస్తకములే. అట్టి నిక్షేపమును ఉంచుటకు ఆతనికి స్ఫురించినది ఒక విద్యాసంస్థ కాదు, ఒక సహాధ్యాయి. రామానుజుని నోటుపుస్తకములు 1957లో టాటా పరిశోధన సంస్థవారిచే యథాతథముగా ముద్రితములై నేటికిని గణితజ్ఞులకు పనిని కల్పించుచున్నవి. వానిలోని వేలాది ఫలితములను చూచునపుడెల్ల, ఒకానొక కష్టకాలమున అవి ఒక మిత్రుని యింట భద్రముగా ఉండెనని మనము స్మరింపవలయును.

1910 చివరలో రామానుజుడు తిరుక్కోయిలూరున డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యరుగారిని దర్శించి చిన్న ఉద్యోగము కోరెను. వీరు భారత గణిత సంఘ స్థాపకులు. నోటుపుస్తకమును చూచి, ఇట్టి ప్రతిభను రెవిన్యూ శాఖ అట్టడుగు కొలువులో అణచివేయుటకు మనసొప్పక, మదరాసులోని గణితాభిమానులకు ఉత్తరములిచ్చి పంపిరి. వారి ద్వారా ఆతడు ఒకప్పుడు కుంభకోణమున తన ఆచార్యులైన శేషు అయ్యరుగారిని కలసికొనెను. ఆ కాలముననే మదరాసున పాత మిత్రుడు రాజగోపాలాచారి తారసిల్లెను. నాటి నాలుగవ ఫారపు అద్భుత బాలుడు దిక్కుతోచక తిరుగుచుండుట చూచి ఆయన ఊరకుండలేదు. నెల్లూరు కలెక్టరును, గణిత సంఘ కార్యదర్శియు అయిన దివాన్ బహదూర్ రామచంద్రరావుగారి యొద్దకు ఆతనిని చేర్చుటలో ఆయనకును భాగము కలదు. రామచంద్రరావుగారు మాత్రము తమ స్మృతులలో, గణితగంధమెరుగని తమ మేనల్లుడు వచ్చి, ఎవరో ఒకరు గణితమును గూర్చి మాటలాడుచున్నారు, నాకు బోధపడుటలేదు, అందేమైన ఉన్నదేమో చూడుమని కోరెనని చెప్పిరి. మొదటి దర్శనములలో వారికి సందేహము తీరలేదు. ఇతడు వంచకుడేమోయను శంకయు కలిగెను. బొంబాయి ఆచార్యుడొకరు వ్రాసిన ఉత్తరమును చూపి, పట్టువిడువక మరల మరల తోడ్కొనిపోయిన ఘనత మిత్రులది. నాలుగవ దర్శనమున దీర్ఘవృత్తీయ అనుకలములను, అభిసరింపని శ్రేణులను గూర్చిన ఫలితములను విని రామచంద్రరావుగారి సంశయము తొలగెను. ఏమి కావలెనని అడుగగా, పరిశోధన సాగించుటకు చాలినంత గ్రాసము చాలునని ఆతడు చెప్పెను. వారు నెలకు ఇరువదియైదు రూపాయలు తమ సొంత ధనమునుండి ఇచ్చిరి. 1911లో ఆతని తొలి వ్యాసము, బెర్నూలీ సంఖ్యలను గూర్చినది, గణిత సంఘ పత్రికలో వెలువడినది.

ఇచ్చట ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలయును. ఆ మేనల్లునికి గణితము రాదు. రాజగోపాలాచారికి దీర్ఘవృత్తీయ అనుకలములతో పరిచయము ఉండవలసిన పనిలేదు. రాధాకృష్ణ అయ్యరు దాచిన పుస్తకములలోని సూత్రములు ఆయనకు తెలియవలసిన అవసరము లేదు. తమకు అర్థము కానిదానియందు విలువ ఉండవచ్చునని అంగీకరించుట, ఆ విలువను తెలిసినవారి యొద్దకు దానిని మోసికొనిపోవుట, ఈ రెండే వారి కృత్యములు. తమ బుద్ధికి అందనిదానిని తృణీకరింపకుండు వినయము లోకమున అరుదు; ఆ వినయము ఒక మనుష్యునియందలి ప్రేమతో కలసినప్పుడు అది చరిత్రను మార్చును.

అయినను, ప్రేమ చేయలేని పని యొకటి కలదు. 1902లో తృతీయఘాత సమీకరణమును సాధించు పద్ధతి తెలిసినవెంటనే రామానుజుడు చతుర్థఘాతమునకు తన సొంత పద్ధతిని కనుగొని, పిమ్మట పంచమఘాతముపై పడి, విఫలుడై చింతించెను. పంచమఘాత సమీకరణమును సామాన్యముగా మూలచిహ్నములతో సాధించుట అసంభవమని నార్వే దేశీయుడగు ఆబెల్ 1824లోనే నిరూపించియుండెను. దాదాపు ఎనుబదేండ్లనాటి ఆ సంగతి కుంభకోణపు బాలునకు చెప్పువారు లేరైరి. ఆబెల్ కూడ పాఠశాలలో ఉండగా ఇదే సమీకరణమును సాధించితినని భ్రమించినవాడే. కాని క్రిస్టియానియా నగరపు పాఠశాలలో ఆతనికి 1818లో హోల్ంబో అను యువోపాధ్యాయుడు దొరకెను. శిష్యునికంటె ఏడేండ్లు మాత్రమే పెద్దవాడైన హోల్ంబో ఆతనిచేత ఆయిలర్, లగ్రాంజి, లాప్లాసుల గ్రంథములను చదివించెను. ఆబెల్ వ్రాసిన సాధనము కోపెన్‌హేగన్ ఆచార్యుడు డేగెన్ చేతికి పోగా, ఆయన ఒక ఉదాహరణమును చేసి చూపుమనెను. చేయబోయి ఆబెల్ తన దోషమును తానే కనుగొని, మూడేండ్లలో అసంభవత్వ నిరూపణకు చేరెను. ఇరువదియారేండ్ల ప్రాయమున, 1829లో, ఆతడు క్షయతో మరణింపగా, ఆతని రచనలను సంపుటీకరించి 1839లో ప్రకటించినవాడును హోల్ంబోయే.

ఆబెల్ పేదరికము రామానుజుని పేదరికమునకు తక్కువది కాదు. ఆయుర్దాయము ఇంకను స్వల్పము. ఇద్దరికిని మిత్రులుండిరి. భేదమంతయు ఒకే చోట నున్నది. ఆబెలునకు విద్యార్థిదశయందే, నీవు చెప్పినది సరియైనదో కాదో చూతము రమ్మని పిలువగలవాడు లభించెను. రామానుజునకు అట్టివారు ఆలస్యముగా దొరకిరి. 1912 మార్చి 1వ తేదీన మదరాసు రేవు కార్యాలయమున ముప్పది రూపాయల గుమాస్తాగా చేరిన పిమ్మట, అచ్చటి ఉన్నతోద్యోగియు గణితజ్ఞుడును అగు నారాయణ అయ్యరు రాత్రులయందు ఆతనితో ఎదురుబొదురుగా పలకలు పెట్టుకొని కూర్చుండి, నీ అడుగులు నాకే బోధపడనపుడు ఇతరులకెట్లు బోధపడును, మధ్య మెట్లను కూడ వ్రాయుమని పట్టుబట్టెడివారు. 1913 జనవరి 16వ తేదీన ఆతడు వ్రాసిన లేఖ కేంబ్రిడ్జిలోని ఆంగ్ల గణితజ్ఞుడగు హార్డీ మహాశయునకు చేరినది. 1914 మార్చిలో రామానుజుడు ఇంగ్లండునకు ఓడ యెక్కెను. హార్డీ, లిటిల్‌వుడ్ పండితులతోడి సాహచర్యములోనే ప్రధాన సంఖ్యల విషయమున తాను నమ్మిన సూత్రములు కొన్ని దోషయుక్తములని ఆతనికి తెలిసివచ్చినది. ఆ సాహచర్యములోనే విభాగ సంఖ్యలను గూర్చిన 1918నాటి మహత్తర రచన హార్డీతో కలసి వెలువడినది. అదే సంవత్సరమున రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. 1920 ఏప్రిల్ 26వ తేదీన, ముప్పదిరెండేండ్ల ప్రాయమున, మదరాసున ఆతడు దివంగతుడయ్యెను. పదునెనిమిది మొదలు ఇరువదియైదు వరకు గల వత్సరములు గణితజ్ఞునకు అమూల్యములనియు, రామానుజుని అకాలమరణముకంటె ఆ వత్సరములు త్రోవ తప్పుటయే విషాదకరమనియు హార్డీ అభిప్రాయపడెను. ఆ వత్సరములలో మిత్రులు ఆతని ప్రాణమును నిలిపిరి. ఆతని నిరూపణములను సరిదిద్దగలవారు మాత్రము లేకపోయిరి.

కాగా ప్రతిభావంతుడగు బాలునకు రెండు విధములైన స్నేహములు కావలయును. మొదటిది అర్థము కాకున్నను నమ్మునది. రెండవది అర్థము చేసికొని ప్రశ్నించునది. మొదటిది లేనిచో ఆతడు బ్రతుకడు. రెండవది లేనిచో ఆతడు పూర్ణముగా పెరుగడు. రామానుజునకు మొదటిది కుంభకోణము పుష్కలముగా ఇచ్చినది. రెండవదానికొరకు ఆతడు వేలకొలది మైళ్ళు ప్రయాణము చేయవలసివచ్చినది. ఒక దేశము తన బిడ్డకు ఇవ్వదగినదానిని ఇవ్వలేక అంత దూరము పంపవలసివచ్చుట మనకు గర్వకారణము కాజాలదు.

ఉపాధ్యాయులారా, హోల్ంబో తన శిష్యునంతటి గణితజ్ఞుడు కాడు; సుబ్బయ్యరుగారును కారు. తనకంటె అధికుడగు శిష్యుడు తరగతిలో కూర్చుండుట ఉపాధ్యాయునకు అవమానము కాదు, ఆతని వృత్తికే అది పరమార్థము. అట్టివాడు కనబడినప్పుడు మీకు తెలిసినదంతయు ఇచ్చి, తెలియనిచోట తెలియదని చెప్పి, తెలిసినవారికి ఒక ఉత్తరము వ్రాయుడు. రామస్వామి అయ్యరుగారు చేసినది అంతమాత్రమే. ఒకే పాఠమున అసాధారణుడై తక్కిన పాఠములలో తప్పిన బాలుని వెలుపలికి నెట్టు నియమము మీ పాఠశాలలో ఉన్నచో, ఆ నియమమును మార్చుటకు పోరాడుడు. మార్పు వచ్చులోపల ఆ బాలుని మాత్రము వెంటబెట్టుకొనుడు.

విద్యార్థులారా, మీలో రామానుజుడు ఉండవచ్చును, ఉండకపోవచ్చును. అది మన చేతిలో లేదు. రాజగోపాలాచారియు, రాధాకృష్ణ అయ్యరును మీలో ప్రతి యొక్కరును కావచ్చును. అది కేవలము మీ చేతిలోనిదే. మీకంటె వేగముగా పరుగెత్తు సహాధ్యాయిని చూచి సంతోషించుట నేర్చుకొనుడు. ఆతనికి పుస్తకము తెచ్చి యిండు. ఆతని కాగితములను పోనీకుడు. ఆతడు పడినప్పుడు మీకు తెలిసిన పెద్దల గుమ్మమునకు తోడ్కొనిపొండు; మొదటి పర్యాయము తలుపు తెరువబడనిచో నాలుగవ పర్యాయము వరకు పొండు. ఎవరి స్మృతికై నేడిచ్చట కూడితిమో ఆ ఉపాధ్యాయుడు తన శిష్యులకు నేర్పిన గణితమును వారు మరచియుండవచ్చును. ఒకరినొకరు విడువకుండుటను వారు మరువలేదనుటకు ఈ ధర్మనిధియే సాక్ష్యము. ఆ పాఠమును మీరును అభ్యసింపుడని కోరుచున్నాను.